కాళ్ల దగ్గరి సముద్రం

నిలబడి, కళ్ల ఎత్తులో కెమెరా పట్టుకుని సముద్రాన్ని తీస్తే పూరీలో అయినా, మంగినపూడిలో అయినా, మెరీనాలో అయినా ఒకే ఫొటో వస్తుంది. కింద నీళ్లు, పైన ఆకాశం, మధ్యలో ఒక గీత. ఆ ఫొటోకు ఊరు ఉండదు. ఊరు తెలియాలంటే ఒడ్డు కనబడాలి. ఇసుక ఏ రంగో, రాయి ఎలా పగిలిందో, వల ఎక్కడ ఆరేశారో, పడవ ముక్కు మీద ఏ బొమ్మ గీశారో కనబడాలి. ఫొటోగ్రాఫర్లు ఫోర్‌గ్రౌండ్ అనేది దీన్నే. ఫ్రేములో మనకు అన్నింటికంటే దగ్గరగా, దాదాపు మన కాళ్ల ముందే ఉండే భాగం అది. నేను తీరం వెంట తిరిగేటప్పుడు ముందు దాన్ని వెతుక్కుంటాను. సముద్రం ఎలాగూ అక్కడే ఉంటుంది.

అలా వెతకడానికి విశాఖపట్నం నుంచి భీమిలి దాకా సాగే తీరం కంటే మంచి చోటు మన దగ్గర ఇంకొకటి ఉందని నేననుకోను. పాతిక కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ కొద్ది దూరంలోనే తూర్పు కనుమల కొండలు నీళ్ల దాకా దిగి వస్తాయి, ఎర్రమట్టి దిబ్బలు లేస్తాయి, ఒక నది సముద్రంలో కలుస్తుంది, జాలరి పల్లెలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. బీచ్ రోడ్డు మీద ఆటోలో కూర్చుంటే గంటలో దాటేయొచ్చు. ఫొటోలు తీసేవాళ్లకు ఒక ఏడాది చాలదు.

రామకృష్ణా బీచ్, రుషికొండల గురించి ఎక్కువ చెప్పను. రుషికొండ ఇసుక మెత్తన, నీళ్లు అందం, తెల్లవారేసరికి జనం. అక్కడ అడుగుల గుర్తులు లేని ఇసుక దొరకాలంటే రాత్రి పోటు వచ్చి తుడిచి వెళ్లిన వెంటనే, ఇంకా చీకటి ఉండగానే చేరాలి.

నేను ఆగేది తొట్లకొండ కింద, మంగమారిపేట దగ్గర. రోడ్డు దిగి నాలుగడుగులు వేస్తే ఇసుక ఆగిపోయి రాతి పలక మొదలవుతుంది. ఇది ఖోండలైటు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి ఆ పేరు పెట్టారు. కోణార్క గుడి కట్టింది కూడా ఈ జాతి రాయితోనే. తుప్పు పట్టిన ఇనుములాంటి రంగు, అక్కడక్కడ గోమేదికపు ఎర్ర చుక్కలు. వేల ఏళ్లుగా అలలు కొట్టిన చోట రాయి మధ్యలో తొలుచుకుపోయి ఒక తోరణం నిలిచింది. తిరుమల శిలాతోరణం చూసినవాళ్లకు ఇది చిన్నగానే కనిపిస్తుంది. కానీ దీని కింద నీళ్లు ఆడుతుంటాయి.

ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది తోరణానికి ఎదురుగా నిలబడి, ఆ కన్నంలో సూర్యుణ్ణి ఇరికించి తీస్తారు. అందులో తప్పు లేదు. నాకు మాత్రం తోరణానికి పక్కగా, ఆటు సమయంలో రాళ్ల గుంటల్లో మిగిలే నీళ్లంటే ఇష్టం. బయట సముద్రం గోల చేస్తుంటే ఆ గుంటలో ఆకాశం కదలకుండా ఉంటుంది. గుంట అంచున పచ్చటి నాచు, అడుగున గులకరాళ్లు, ఒకటి రెండు పీతలు. ఆ గుంటను ముందు పెట్టుకుంటే వెనక తోరణం, దాని వెనక సముద్రం, ఆపైన కాంతి అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చూసేవాడి కన్ను గుంట దగ్గర అడుగుపెట్టి లోపలికి నడుచుకుంటూ పోతుంది.

కెమెరా ఎంత ఎత్తులో ఉండాలన్నదే అసలు పని. నిలబడి చూస్తే రాళ్లన్నీ నేలకు అతుక్కుపోయి చప్పగా కనబడతాయి. మోకాలి ఎత్తుకు దిగగానే ముందు రాయి లేచి నిలబడుతుంది, దానికి ఒళ్లు వస్తుంది. ఆ ఉత్సాహంలో ఇంకా కిందికి దిగితే రాయి తల క్షితిజం గీతను దాటి పైకి పోతుంది. అప్పుడు రాయి వెనక నీళ్లుండవు, ఆకాశమే ఉంటుంది. దగ్గరా దూరమూ ఒకదానికొకటి అతుక్కుపోయి, ఫొటోలో ఉన్న లోతు మూసుకుపోతుంది. అందుకని నేను పూర్తిగా దిగి, మళ్లీ జానెడు పైకి లేపుతాను. ముందు రాయి కొసకూ క్షితిజానికీ మధ్య సన్నటి నీటి పట్టీ కనబడగానే ట్రైపాడ్ బిగిస్తాను. రాళ్లు పక్కపక్కన రెండున్నా అంతే. వాటి మధ్య నీళ్లు పారడానికి చోటు వదిలితేనే అవి రెండు రాళ్లు, లేకపోతే ఒక నల్లటి ముద్ద.

ఇలా దగ్గరి వస్తువునూ దూరపు గీతనూ రెండింటినీ స్పష్టంగా చూపించాలంటే ఫోకస్ ఎక్కడ పెట్టాలన్నది కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 16 ఎం.ఎం. లెన్సు, ఎఫ్/11 ఉంటే సుమారు 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్న దాని మీద ఫోకస్ పెట్టాలి. అప్పుడు 40 సెంటీమీటర్ల నుంచి క్షితిజం దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. అంటే ముందున్న రాయికి కాస్త వెనకగా ఫోకస్ పెట్టాలన్నమాట. ఇంకా స్పష్టత కోసమని ఎఫ్/22 దాకా మూసేస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. అంత చిన్న కన్నం గుండా వచ్చే కాంతి చెదిరి, ఫొటో మొత్తం కొంచెం మెత్తబడుతుంది.

అలను ఎప్పుడు పట్టుకోవాలో మాత్రం ఏ అంకె చెప్పలేదు. అల వచ్చి రాయిని కొట్టే క్షణం అందరికీ నచ్చుతుంది. నేను ఎదురుచూసేది ఆ తర్వాతి క్షణం కోసం. వచ్చిన నీరు ఒక్కసారి తటపటాయించి వెనక్కి మళ్లుతుంది. రాళ్ల సందుల్లోంచి నురగ తెల్లటి దారాలుగా సాగుతూ సముద్రం వైపు పరుగెత్తుతుంది. అర సెకను, కాదంటే ఒక సెకను షట్టరు తెరిచి ఉంచితే ఆ దారాలు కాగితం మీద గీతలుగా పడతాయి. ఆ గీతలన్నీ చూసేవాడి కన్నును లోపలికి లాక్కుపోతాయి. కాంతిని తగ్గించే నల్ల ఫిల్టరు పెట్టి 30 సెకన్లు తెరిస్తే నీరంతా పొగమంచులా మారుతుంది. అదీ అందమే. కానీ మంగమారిపేటలో ఉన్నది కొట్టుకునే నీరు. దాన్ని పొగ చేస్తే ఆ చోటు గురించి అబద్ధం చెప్పినట్టు నాకు అనిపిస్తుంది.

ఆటుపోట్ల సమయం రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ తెల్లవారుజామున బయటపడిన గుంటలు వారం తర్వాత అదే వేళకు నీళ్ల కింద ఉండొచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర పరిస్థితుల మీద ముందస్తు సమాచారం ఇస్తుంది. ఆటుపోట్ల వేళలు, అలల ఎత్తు, హెచ్చరికలు చూసుకునే బయల్దేరుతాను. తుపాను వాతావరణం ఉంటే రాళ్ల మీదికి దిగను. ఈ తీరంలో కాళ్ల కింద ఇసుకను లాగేసే ప్రవాహాలు బలంగా ఉంటాయి. నాచు పట్టిన రాయి తడిగా ఉన్నా ఆరినట్టున్నా నమ్మదగ్గది కాదు. ట్రైపాడ్ కాళ్లను తడి ఇసుకలో ముందే గట్టిగా గుచ్చాలి. లేకపోతే నీరు వెనక్కి పోయేటప్పుడు ఇసుక కరిగి కెమెరా కొద్దికొద్దిగా కుంగుతుంది, క్షితిజం వాలిపోతుంది. ఇంటికి వచ్చాక మంచినీళ్లతో తడిపిన గుడ్డతో ట్రైపాడ్ కీళ్లన్నీ తుడవాలి. ఉప్పు లోహాన్ని తినేస్తుంది.

సూర్యుడి సంగతి. మనది తూర్పు తీరం కనుక సూర్యుడు ఎప్పుడూ ఎదురుగా సముద్రంలోంచే లేస్తాడని అనుకుంటాం. విశాఖ తీరం నిలువుగా లేదు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగింది. డిసెంబరులో సూర్యుడు తూర్పుకు 25 డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు. అంటే ఒడ్డున నిలబడ్డవాడికి దాదాపు ఎదురుగా, నడి సముద్రంలోంచి వస్తాడు. జూన్‌లో అంతే ఉత్తరంగా జరిగి, తీరం వెంట భీమిలి దిక్కున పైకొస్తాడు. చలికాలంలో రాళ్లు నల్లటి ఆకారాలుగా, వాటి చుట్టూ నీళ్లు బంగారంగా కనిపిస్తాయి. వేసవిలో కాంతి పక్క నుంచి వచ్చి ప్రతి రాయికీ ఒక ఎర్ర చెంపా, ఒక నీడ చెంపా ఇస్తుంది. ముందు వస్తువు రంగే ముఖ్యమైతే జూన్, దాని ఆకారమే ముఖ్యమైతే డిసెంబరు. నా లెక్క ఇదే. జూన్‌లో వెళ్లాలంటే సూర్యోదయం 5.20 ప్రాంతంలోనే కాబట్టి నిద్ర త్యాగం చేయాలి.

ఎదురెండలో తీసేటప్పుడు ఆకాశం తెల్లగా కాలిపోతుంది, దాన్ని కాపాడితే రాళ్లు చీకటైపోతాయి. ఈ బాధ ఫొటోగ్రఫీ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1850ల నాటి గాజు నెగెటివ్‌లు నీలం రంగుకు మరీ త్వరగా స్పందించేవి. నీళ్లకు సరిపడా కాంతి ఇస్తే ఆకాశం ఒట్టి తెల్ల కాగితమయ్యేది. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే అనే ఫొటోగ్రాఫరు సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకొకటి వాడి, రెండింటినీ క్షితిజం దగ్గర కలిపి ఒకే కాగితం మీద ముద్రించాడు. 1857 ప్రాంతంలో మధ్యధరా తీరంలోని సెత్ దగ్గర ఆయన తీసిన అలల ఫొటోలు ఇవాళ్టికీ చూడదగ్గవి. ఇప్పుడు మనం పైసగం ముదురుగా ఉండే ఫిల్టరుతోనో, వేరువేరు కాంతుల్లో తీసిన రెండు ఫొటోలు కలిపో చేసేది ఆయన చేసిన పనే.

మంగమారిపేట నుంచి ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఇనుము తుప్పు పూత పట్టిన ఇసుక గాలికి, నీటికి పోగుపడి, వానలకు కోసుకుపోయి లోతైన గాడులుగా మారింది. 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. పైనుంచి చూస్తే ముందు ఎర్రటి గాడులు, వాటి వెనక సరుగుడు తోటలు, ఆ వెనక నీలం. ఇంతకంటే బలమైన రంగుల జత ఈ తీరంలో ఇంకెక్కడా లేదు. కానీ ఆ గాడుల అంచులు ఒక్క అడుగుకే విరిగిపడతాయి. వేల ఏళ్ల పని ఒక చెప్పు కింద రాలిపోవడం చూసినప్పుడు నాకు కోపం వస్తుంది. ఇక్కడ కాలిబాట వదలకుండా, పొడవు లెన్సుతో దూరాన్ని దగ్గరకు లాక్కుని తీయడమే మంచిది.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహల దగ్గరి కొండల్లో పుట్టి ఇక్కడిదాకా వచ్చిన నీరు, చివర్లో ఇసుక మేట దగ్గర ఆగి చెరువులా నిలుస్తుంది. పొద్దున్నే కొండల వైపు నుంచి గాలి మెల్లగా వీచే వేళ ఆ నీటిలో కొండ, తాటిచెట్లు, పాతిన గుంజలు తలకిందులుగా దిగుతాయి. అలల దగ్గర నాకు బాగా పనికొచ్చే పోలరైజర్ ఫిల్టరును ఇక్కడ తీసి జేబులో వేసుకుంటాను. అది తడి రాళ్ల మీది మెరుపును చెరిపి వాటి అసలు రంగును బయటపెడుతుంది. నీటిలోని ప్రతిబింబాన్ని కూడా అంతే సులువుగా చెరిపేస్తుంది. ఇక్కడ ముందు పెట్టుకోవడానికి రాయి అక్కర్లేదు. నీటిలోంచి పైకి లేచిన ఒక గుంజ చాలు. దాని మీద కొంగ వాలితే అదృష్టం.

1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు భీమిలి. డచ్చివాళ్ల పాత సమాధులు, పాత లైట్‌హౌసు చూడాల్సినవే. నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచేది మాత్రం అక్కడి ఇసుక. ఆ ఇసుకలో ఇల్మనైటు, గోమేదికం, సిల్లిమనైటు వంటి బరువైన ఖనిజాలు కలిసి ఉన్నాయి. అల వెనక్కి పోయేటప్పుడు తేలికైన తెల్ల ఇసుకను తీసుకుపోతుంది, బరువైనవి వెనకబడిపోతాయి. అందుకే ఒడ్డంతా నలుపు, గులాబి చారలు. నలుపు ఇల్మనైటు, గులాబి గోమేదికం. కొండల్లోని ఖోండలైటు అరిగి అరిగి ఇలా ఒడ్డుకు చేరింది. మంగమారిపేట రాళ్లలో చుక్కలుగా చూసిన ఎరుపే ఇక్కడ చారలుగా పరుచుకుని ఉంటుంది. ఏ మనిషీ గీయలేని గీతలవి. ప్రతి పోటుకూ మారిపోతాయి.

ఆ చారలను తీయాలంటే సూర్యుడు లేచిన మొదటి అరగంటే. నేలకు దాదాపు ఆనుకుని వచ్చే కాంతికి ఇసుక మీది ప్రతి చిన్న మడతకూ నీడ పడుతుంది. ఎండ ఎక్కేకొద్దీ నీడలు పోయి ఇసుక చదునవుతుంది. గట్టు దగ్గర ఇసుకను పట్టి ఉంచే తీగలున్నాయి, ఊదా పూలు పూసేవి. రావణాసురుడి మీసాలు అనే గడ్డి ఉంది. దాని ముళ్ల బంతులు ఎండాక గాలికి ఒడ్డు వెంట దొర్లుకుంటూ పోతాయి. ఆ బంతి ఒకటి చారల మీద ఆగినచోట నేనూ ఆగుతాను. కొందరు అలాంటి బంతినో, శంఖాన్నో ఎక్కడినుంచో తెచ్చి కావలసిన చోట పెట్టుకుని తీస్తారు. నేను తీసుకురాను, జరపను. ఒడ్డు తనంతట తాను పెట్టినదాన్ని కనుక్కోవడమే ఈ పనిలో ఉన్న ఆనందం. దాన్ని నేనే పెట్టుకుంటే ఇక వెతకడానికి ఏముంటుంది?

పడవలు, వలల విషయం వేరు. అవి ఒడ్డు పెట్టినవి కావు, ఒక మనిషి పెట్టినవి. తీరం ఫొటోల్లో పడవ అందరికీ తేలిగ్గా దొరికే ఫోర్‌గ్రౌండ్. రంగులు ఉంటాయి, ఒంపు ఉంటుంది, ముక్కు ఎటు తిప్పితే చూపు అటు పోతుంది. కానీ ఆ పడవ ఎవరిదో, ఎప్పుడు నీళ్లలోకి దిగుతుందో తెలుసుకోకుండా తీస్తే అది ఒట్టి రంగు ముద్దగా మిగులుతుంది. అలివి వలను ఒడ్డుకు లాగుతున్న వరసలో మనుషులు తాడు పట్టుకుని వెనక్కి నడుస్తుంటారు. ఆ తాడు ఫ్రేములో వచ్చే అందమైన గీత కావచ్చు. దానికి అడ్డంగా ట్రైపాడ్ పెడితే ఒక పూట కూలికి అడ్డం పెట్టినట్టే. ముందు అడుగుతాను, కూర్చోమంటే కూర్చుంటాను, ఆ తర్వాతే కెమెరా.

భీమిలి ఒడ్డున ఫైబరు పడవ పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చాలాసేపు గమనించాడు. 

"ఏటి బాబూ, అంతలా సూస్తన్నారు? పడవ కొంటారేటి?" 

"కొనను మామా. ఫొటో తీసుకుందామని. తీయమంటారా?" 

"తీసుకోండి. పడవ అరిగిపోద్దా!"

వైడ్ లెన్సు పెట్టి, పడవ అణియానికి, అంటే ముక్కుకు, మూరెడు దూరంలోకి వెళ్లి తీశాను. ఇసుక చారలు, ఎర్ర నీలి రంగుల పడవ, వెనక పావురాలకొండ. సముద్రానికి వీపు పెట్టి తీయాల్సిన ఫొటో అది. ఉదయపు కాంతి సూటిగా పడవ మీదా, కొండ మీదా పడుతోంది. తీరం అంటే నీళ్ల వైపే చూడాలని లేదు. ఒడ్డు నుంచి ఊరి వైపు తిరిగితే కాంతి అంతా మన పక్షాన ఉంటుంది. వెనక అలలను తనే చూసుకుంటానన్నాడాయన. పెద్దది వచ్చినప్పుడల్లా "బాబూ, ఇటొచ్చీండి" అని కేకేసేవాడు.

తెర మీద ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు. 

"పడవ బాగుంది. మరి కొండేటి, అలా పుట్టలాగ అయిపోనాది?"

వైడ్ లెన్సు చేసే పని అదే. దగ్గర ఉన్నదాన్ని పెంచుతుంది, దూరాన్ని నెట్టేస్తుంది. రోజూ చూసే మా ఫొటోగ్రాఫర్లకు అది శైలి, అలవాటు. ఆయన మాట వేరు. "సముద్రంలోకెళ్లాక మాకు కనపడీది ఆ కొండే బాబూ. దాన్ని సూసుకునే ఒడ్డుకొత్తాం." ఒడ్డున పడవ ఎంత నిజమో, ఆయనకు ఆ కొండ అంత నిజం. అది పుట్టలా కనబడే ఫొటో భీమిలిది కాదు.

ముందు వస్తువు గురించి ఇంతసేపు చెప్పినవాడినే అయినా ఈ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ముందున్నది వెనకున్నదాన్ని తినేయకూడదు. కన్ను లోపలికి నడిచేది అక్కడ ఏదో ఉందనే. లెన్సు మార్చి 70 ఎం.ఎం. పెట్టాను. ఇసుక మీద నీళ్ల దాకా వెనక్కి నడిచాను. దూరం నుంచి అదే పడవను ఫ్రేములో అంతే వెడల్పున నింపాను. ఈసారి కొండ లేచి వచ్చి పడవ వెనక నిలబడింది. లెన్సు పొడవు పెరిగేసరికి దగ్గరా దూరమూ రెండూ స్పష్టంగా ఉండడం కష్టమైంది. ఒకసారి పడవ మీద, ఒకసారి కొండ మీద ఫోకస్ పెట్టి తీసి, ఇంట్లో రెండూ కలిపాను. అల వెళ్లిపోయిన తడి ఇసుక అద్దంలా మెరిసి, అందులో పడవ అడుగు, కొండ కొస రెండూ పడ్డాయి.

ప్రింటు తీసుకుని మళ్లీ వెళ్లినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. కొడుకునూ, కోడలినీ పిలిచి చూపించాడు. కొండ ఇప్పుడు సరిగ్గా ఉందన్నాడు. తర్వాత ప్రింటు మీద వేలు పెట్టి, పడవ అణియం మీద ఉండాల్సిన రిజిస్ట్రేషన్ నెంబరు ఏదని అడిగాడు. అది అవతలి వైపుకు పోయింది. 

"నెంబరు నేకపోతే ఇది ఎవుల పడవో ఎలా తెలుత్తాది బాబూ?"

నెంబరు కనబడాలంటే నేను ఎడమకు జరగాలి. అలా జరిగితే పడవ ముక్కు కొండ వైపు కాకుండా ఫ్రేము బయటికి చూస్తుంది, ఇసుక చారలూ అడ్డం పడతాయి. కూర్పు పాఠాలన్నీ వద్దంటాయి. ఆ పొద్దున కాంతి ఇంకా మిగిలే ఉంది. ఎడమకు జరిగి, ట్రైపాడ్ కాళ్లు ఇసుకలో గుచ్చి, కొండ కొస పడవ అంచుకు తగలకుండా కెమెరా కాస్త పైకి లేపి తీశాను. అందులో నెంబరులోని ప్రతి అంకె చదవొచ్చు. ఆయన ఇంట్లో గోడకు ఉన్నది ఆ ఫొటోయే, నా దగ్గర ఉన్నదీ అదే.